టెంకల లెక్క

చిలకతోట, చాట్రాయి రోడ్డు,
నూజివీడు
20 మే 2024

ప్రియమైన తమ్ముడు కిషోర్ బాబుకు నీ అక్క అమృతమ్మ దీవెనలు.

నేనూ, మీ బావా, నా కూతురు వినీలా దేవుని దయవల్ల బాగున్నాం. నువ్వు బాగున్నావో లేదో నాకెలా తెలియాలి? ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నానక్కా" అంటావు. అందుకే నాన్న నేర్పినట్టు కాగితం మీద రాస్తున్నాను. ఉత్తరాన్ని మధ్యలో కట్ చెయ్యలేవు కదా. నా చిటికెన వేలు వంకర కాబట్టి అక్షరాలు పక్కకి వాలతాయి, సర్దుకుని చదువుకో.

ఇవాళ నేను పళ్లు పంచే పందిట్లో పెద్ద గొడవ. విజయవాడ నుంచి ఒక కుటుంబం పార్కుకి వచ్చింది. నేనిచ్చిన చిన్నరసాన్ని ఆవిడ బ్యాగులోంచి కత్తి తీసి కోయబోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. "అమ్మా, అది బంగినపల్లి కాదు, రసం. మెత్తగా పిసకాలి, ముచ్చిక తీసి సొన కింద పిండాలి, ఆ తర్వాత జుర్రుకోవాలి" అన్నాను. "చేతులు పాడవుతాయి కదండీ" అంది. "పాడవ్వాలనేగా చేతులు కడిగే తొట్టి కట్టింది!" అని అరిచాను. చివరికి ఆవిడే మోచేతుల దాకా రసం కార్చుకుంటూ రెండోది అడిగింది. ఇవ్వలేదు. సీజన్‌లో టికెట్టుకి ఒక పండు ఉచితం, ఒక్కటే. పెద్దాయన ఈ చిలకతోట పార్కు కట్టిన రోజు పెట్టిన రూలు అది. ఇరవయ్యారేళ్లలో ఆయన మనవడికి కూడా నేను రెండోది ఇవ్వలేదు.

నువ్వు ఆ కాఫీ కంపెనీలో చేరాక మామిడిపండు మొహం చూశావా అసలు? ఒకసారి రా. పిల్లల రైలుకి కొత్త రంగు వేశారు. జెయింట్ వీల్‌కి మామిడికాయ ఆకారం పెట్టెలు రెండు ఊడిపోతే బాగుచేశారు. సిమెంటు చిలకలు మాత్రం ఎప్పటిలాగే ముక్కుల్లేకుండా ఉన్నాయి. అందులో రెండు ముక్కులు నువ్వు విరగ్గొట్టినవే.

అమృతమ్మ

తా.క. నిన్న ఆదివారం టెంకలు 1,143. ఈ సీజన్‌కి ఇదే ఎక్కువ.


హైదరాబాదు
28 మే 2024

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి పగలబడి నవ్వాను. పక్క సీట్లో కూర్చునే హన్నా "టెంకలు లెక్కపెట్టడమేంటి సార్?" అని నమ్మలేదు. సాయంత్రం గేటు మూశాక మా అక్క గంపలో టెంకలు ఐదైదు చొప్పున లెక్కపెడుతుందనీ, దాన్నిబట్టే మర్నాటికి కాయలు మాగేసిన గడ్డిలోంచి ఎన్ని పళ్లు తియ్యాలో చూసుకుంటుందనీ చెప్పాను. ఆ పద్ధతి ఆమెకు భలే నచ్చింది.

అవునక్కా, మామూలు రోజుల్లో ఎన్ని పడతాయి? జనం మధ్యాహ్నం ఎక్కువా, సాయంత్రం ఎక్కువా? ఒక్కొక్కరు పందిట్లో ఎంతసేపు ఉంటారు? ఊరికే, తెలుసుకుందామని. వీలైనంత వివరంగా రాయి. సొన తగిలి మూతి పొక్కిన రోజులు గుర్తొస్తున్నాయి.

బావగారికి వందనాలు. వినీలకు టికెట్ కౌంటర్ ఉద్యోగం ఎలా ఉంది? క్రిస్మస్‌కి తప్పకుండా వస్తాను.

నీ తమ్ముడు
కిషోర్


చిలకతోట
5 జూన్ 2024

బంగారు తమ్ముడికి,

ఇన్నేళ్లలో నా టెంకల సంగతి అడిగినవాడివి నువ్వొక్కడివే. మీ బావ ఏనాడైనా అడిగాడా? ఆయనకి టెంక అంటే మొలకెత్తేదీ, దానికి అంటు కట్టేదీ, అంతే.

రాసుకో. మామూలు రోజుల్లో ఐదారు వందలు. శనివారం తొమ్మిది వందలకి తగ్గదు. ఆదివారం వెయ్యి దాటుతుంది. మూడింటి నుంచి ఐదున్నర దాకా ఊపిరాడదు. ఒక్కొక్కరు పావుగంట ఉంటారు, పిల్లలైతే ఇంకా ఎక్కువ. పార్కులో ఎటు తిరిగినా చివరికి పందిరికి రావలసిందే, చేతులు కడిగే తొట్టి ఉన్నది ఇక్కడే కదా. చేతులు జిగటగా ఉంటే రైలు కూడా ఎక్కనివ్వరు.

"మనవాడు ఎంత పెద్ద ఉద్యోగంలో ఉన్నా పందిరిని మరిచిపోలేదండీ" అని మీ బావతో చెప్పి కాసేపు ఏడ్చాను. ఆయన నవ్వాడనుకో.

నీ అక్క

తా.క. నిన్న 612. వాన పడింది.


చిలకతోట
10 ఫిబ్రవరి 2025

తమ్ముడూ,

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు ఇది చదువు.

నిన్న ముగ్గురు మనుషులు టేపు పట్టుకుని వచ్చారు. నన్నొక మాట అడక్కుండా నా పందిరి చుట్టూ కొలిచారు. నాన్న కట్టిన తొట్టి మీద సుద్దతో అడ్డగీత గీశారు. "ఎవరయ్యా మీరు?" అంటే ఒకడు నా గంప మీద కాలు పెట్టి నిలబడ్డాడు. వాడి కాలు తీయించాను, అది వేరే సంగతి.

హైమవతమ్మ గారి దగ్గరికి వెళ్లాను. పెద్దాయన పోయాక పార్కంతా కూతురిగా ఆవిడే చూసుకుంటోంది కదా. "అమృతమ్మా, అక్కడ కాఫీ షాపు వస్తుంది. పెద్ద కంపెనీ. ఊరికే పళ్లు పంచే రోజులు పోయాయి" అంది. నాకు బాత్రూముల పక్కన ఓ మూల చూపిస్తుందట. బాత్రూముల పక్కన మామిడిపండు ఎవరైనా తింటారా?

వాళ్ల కాగితాల మీద గంట బొమ్మ ఉంది. నీ మెడలో కార్డు మీద ఉండే గంటే. మార్నింగ్ బెల్. మీ కంపెనీయే!

పన్నెండెకరాల తోట ఉంది. ఆ మనిషికి నా పందిరే దొరికిందా? మీ ఆఫీసులో ఈ చోటు ఎంచుకున్నవాడెవడో కనుక్కుని నాకు పేరు రాయి. తిట్టాలంటే పేరు కావాలి. పేరు లేని తిట్టు గాలికి పోతుంది.

వెంటనే జవాబు రాయి. వాళ్లని ఆపు.

అమృతమ్మ


హైదరాబాదు
18 ఫిబ్రవరి 2025

అక్కా,

నీ ఉత్తరం అందింది. కంగారు పడకు.

ఆంధ్ర వైపు షాపులు చూసే టీమ్ వేరు. నేను తెలంగాణ వరకే. అయినా కనుక్కుంటాను. ఇలాంటివి ఒక మనిషి నిర్ణయించేవి కావు, చాలామంది కలిసి చేస్తారు. పేరంటూ ఒకటి ఉండదు.

ఇంకో విధంగా ఆలోచించు. ఏసీ వస్తుంది, పార్కుకి పేరొస్తుంది. ఎండలో గడ్డి పేర్చుకుంటూ కూర్చోవాల్సిన పని నీకెందుకు? షాపులో వినీలకి ఉద్యోగం నేను మాట్లాడతాను. నీక్కూడా ఏదో ఒకటి చూస్తాను. యూనిఫారం ఇస్తారు.

హైమవతి గారితో గొడవ పెట్టుకోకు. పనిలో తల మునకలుగా ఉన్నాను, అందుకే క్లుప్తంగా రాస్తున్నాను.

కిషోర్


చిలకతోట
22 మార్చి 2025

మహారాజశ్రీ కిషోర్ బాబు గారికి,

తమరు క్షేమమని తలుస్తాను. తమరు తెలంగాణ వరకే చూస్తారని రాశారు. చాలా సంతోషం.

గురువారం పార్కు ఆఫీసులో మీ కంపెనీ వాళ్లు హైమవతమ్మ గారికి గోడ మీద బొమ్మలు వేసి చూపించారట. మంచినీళ్లు ఇవ్వడానికి వినీల లోపలికి వెళ్లింది. గోడ మీద ఒక చెయ్యి. చేతిలో టెంక. చిటికెన వేలు వంకర. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు "అక్కా, ఇలా పట్టుకో, ఫొటో తీస్తాను" అన్నది ఎవరో తమరికి గుర్తుందా? టెంకలున్న కాలం కాదంటే, అంటు కోసం మీ బావ దాచుకున్న ఎండు టెంక తెచ్చి మరీ పట్టుకున్నాను. ఆ చెయ్యి కింద 1,143 అని రాసి ఉందట. మూడు నుంచి ఐదున్నర అని ఉందట. పావుగంట అని ఉందట.

ఆ అంకె ఈ భూమ్మీద నేను ఒక్క మనిషికే రాశాను.

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్లు ఉంటారని విన్నాను. తిన్న పందిట్లో టెంకలు అక్క చేతే లెక్కపెట్టించినవాణ్ణి ఇప్పుడే చూశాను. ఊరికే తెలుసుకుందామని! తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట నీలాంటివాడొకడు. నేను ఏడ్చానురా ఆ రోజు, సంతోషంతో. ఆ ఏడుపు నాకు తిరిగిచ్చెయ్.

నిన్న పొక్లెయిన్ తెచ్చారు. పందిరి ఒక్క దెబ్బకి పడింది, తాటాకే కదా. తొట్టి మాత్రం పడలేదు. నాన్న సవరయ్య తాపీ పట్టి కట్టిన తొట్టి అది. పదకొండు దెబ్బలు కొట్టారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. మీ బావ "ఇంటికి పోదాం రా" అన్నాడు, నేను పోలేదు. తొట్టి చివర నాన్న మేకుతో గీసిన సంవత్సరం ఉన్న ముక్క తెచ్చుకుని ఇంటి గుమ్మం దగ్గర పెట్టుకున్నాను.

నేను ఎవడి పేరు కనుక్కోమని నిన్నడిగానో ఆ పేరు పెట్టింది నేనేరా. నువ్వు పుట్టినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. అమ్మ మోషే అందాం అంది. నేనే పట్టుబట్టి కిషోర్ బాబు అన్నాను.

ఇంక రాయడానికి ఏమీ లేదు.


హైదరాబాదు
2 ఏప్రిల్ 2025

అక్కా,

అవును, నేనే.

నూజివీడు ప్రతిపాదన నాదే. మీటింగులో మా పైవాళ్లు "ఆ చోట రోజుకి ఎంతమంది ఆగుతారు?" అని అడిగారు. పార్కు వాళ్ల దగ్గర టికెట్ల లెక్క ఉంది గానీ ఎవరెక్కడ ఆగుతారో వాళ్లకీ తెలియదు. అందరూ తలలు దించుకున్నారు. నీ ఉత్తరాలు నా బ్యాగులో ఉన్నాయి. చెప్పాను. గదిలో అందరూ నావైపు చూశారు. పదేళ్లలో మొదటిసారి. ప్రమోషన్ కూడా వచ్చింది, అది కూడా దాచను. నీకు అబద్ధం రాసింది భయంతో. తప్పు నాదే.

ఇప్పుడు నా మాట కూడా విను, ఎందుకంటే నాకూ కోపం ఉంది.

ఆ పందిరి నీదని ఎవరు చెప్పారు? ఇరవయ్యారేళ్లలో పెద్దాయన ఒక్క కాగితం ఇచ్చాడా? అడగమని నేను ఎన్నిసార్లు చెప్పాను? "ఆయన మాటే కాగితం" అన్నావు. ఆయన పోయాడు, మాటా పోయింది. నాన్న తొట్టి కట్టాడు, కూలి తీసుకుని ఇంటికొచ్చాడు. బోర్డు మీద ఎవరి పేరుంది? నేను కాకపోతే ఇంకొకడు ఏ పిజ్జా షాపుకో ఆ చోటు రాసిచ్చేవాడు. అమ్మింది హైమవతి గారు. ఆవిణ్ణి ఒక్క మాట అన్నావా? అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తున్నావు.

ఇంకొకటి. స్కూల్లో నన్ను టెంకల కిషోర్ అనేవాళ్లు. పుస్తకాలకి కూడా మామిడి జిగట. ఆ చోట ఒక అద్దాల తలుపు ఉండాలని నేను చిన్నప్పుడే అనుకున్నాను. అది నిజం. నువ్వు తిట్టుకో.

మే 18 ఆదివారం ప్రారంభం. నేనూ వస్తున్నాను. నువ్వు రావాలి.

కిషోర్


నూజివీడు
14 ఏప్రిల్ 2025

కిషోర్ బాబూ,

నువ్వన్నదాంట్లో ఒక ముక్క నిజం. అది ఒప్పుకోవడానికి నాకు పది రోజులు పట్టింది, అందుకే ఆలస్యం.

హైమవతమ్మ గారి ఇంటికే వెళ్లాను. కూర్చోమంది, నేను కూర్చోలేదు. "అమ్మా, ఇరవయ్యారేళ్ల పనికి ఒక కాగితం ఇవ్వండి" అన్నాను. "నువ్వు మా ఇంటి మనిషివి, నీకు కాగితమేంటి అమృతమ్మా?" అంది. "ఇంటి మనిషినైతే ఈ ఇంట్లో నా గది ఏదో చూపించండమ్మా" అన్నాను. ఆవిడ ఫోన్ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను పెద్దాయన ఫొటోకి కూడా నాలుగు మాటలు చెప్పి వచ్చాను. బతికుండగా అనాల్సింది, తప్పు నాది.

కాబట్టి ఆవిడ మీద కోపం ఆవిడకి ఇచ్చేశాను. నీ మీదున్నది నీకే ఉంది, తగ్గిందనుకోకు. ఆవిడ అమ్మింది తన చోటు. నువ్వు ఇచ్చింది నా లెక్క.

పార్కు గేటు బయట, రోడ్డు పక్కన నీలం టార్పాలిన్ పట్టా కట్టుకున్నాను. చాట్రాయి నరసింహులు గారు తన తోట నుంచి కాయలు పంపిస్తున్నారు. పండు పది రూపాయలు. కత్తి లేదు, స్పూను లేదు, నీళ్లు లేవు. చేతులు కడుక్కునే తొట్టి లోపల ఉండేది, అది మీరు పగలగొట్టారు.

నీ షాపు ప్రారంభానికి పిలిచావు. వస్తాను. చేతులు కడుక్కోకుండా వస్తాను.

అమృతమ్మ


హైదరాబాదు
20 మే 2025

అక్కా,

నేను ఆదివారమే తిరిగొచ్చేశాను. ఇంటికి రాలేదు. వచ్చే మొహం లేదు.

జరిగింది నీకు తెలుసు. అయినా నేను నా వైపు నుంచి రాయాలి. రిబ్బను కత్తిరించారు, లోపల కేకు కోస్తున్నారు. చర్చి అయ్యాక నువ్వు మన వి.బి.ఎస్. వేసవి బైబిలు తరగతుల పిల్లలు నలభైమందికి గేటు బయట పళ్లు పెట్టి లోపలికి తీసుకొచ్చావు. వాళ్లకి తొట్టి లేదని ఎవరూ చెప్పలేదు. ప్రతి సంవత్సరం అలవాటుగా ఎక్కడ చేతులు కడుక్కుంటారో అక్కడికే నేరుగా పరిగెత్తుకొచ్చారు. అద్దాల తలుపు అడ్డొచ్చింది. నలభైమందీ అరచేతులు అద్దానికి ఆనించి లోపలికి చూశారు. ఒక పిల్ల "అన్నా, కొంచెం నీళ్లు" అని అడిగింది. మా కుర్రాళ్లు "కస్టమర్లకే" అన్నారు.

అప్పుడు నువ్వు వెనక నుంచి వచ్చి నీ చెయ్యి కూడా అద్దం మీద పెట్టావు. నువ్వు అరుస్తావనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది.

బెంగళూరు నుంచి వచ్చిన మా రీజనల్ హెడ్ శ్యామ్ సుందర్ గారు నా పక్కనే ఉన్నారు. "ఎవరావిడ? మీకు తెలుసా?" అని అడిగారు. తెలియదు సార్ అన్నాను. "మీది ఈ ఊరే కదా" అన్నారు. అయినా తెలియదు సార్ అన్నాను. నువ్వు విన్నావో లేదో నాకు తెలియదు. వినకపోయి ఉంటే నేనే చెబుతున్నాను.

మీరు వెళ్లాక అద్దం తుడవమని తడిగుడ్డ నా చేతికే ఇచ్చారు. అన్ని చేతుల్లో నీ చెయ్యి ఏదో నాకు తెలుసు. అది చివరికి ఉంచాను. తర్వాత అదీ తుడిచేశాను.

అక్కా, తిట్టు. రాయకుండా మాత్రం ఉండకు.

కిషోర్


నూజివీడు
26 మే 2025

తమ్ముడూ,

విన్నాను. తలుపు ఓరగా తెరిచే ఉంది.

పేతురు మూడుసార్లు తెలియదన్నాడు, నువ్వు రెండుసార్లే అన్నావు. ఆ మాత్రం నయం. కానీ పేతురు బయటికి పోయి ఏడ్చాడు. నువ్వు లోపలికి పోయి కేకు దగ్గర ఫొటో దిగావు. వినీల ఆ ఫొటో నాకు ఫోన్‌లో చూపించింది. నీ చొక్కా బాగుంది.

నేను అరిచి ఉంటే బాగుండేదని రాశావు. అరవడానికే వచ్చాను. నాలుగు రోజులుగా ఏమేం తిట్టాలో అనుకుంటూ వచ్చాను. అద్దంలోంచి చూస్తే నీ మొహం భయంతో పాలిపోయి ఉంది, చిలక ముక్కు విరగ్గొట్టి నా వెనక దాక్కున్న రోజులాగే. నోట మాట రాలేదు. ఇంటికొచ్చాక వచ్చింది. మీ బావ విన్నాడు అన్నీ, పాపం ఆయన.

హైమవతమ్మ గారు మనిషిని పంపింది, గేటు ముందు నుంచి లేవమని. రోడ్డు గవర్నమెంటుది, ఆవిడ నాన్నది కాదని చెప్పి పంపించాను. ఇంకో మాటంటే కౌంటర్ ఉద్యోగం ఊడుతుందని వినీలని బెదిరించారు. అది తాళాలు బల్ల మీద పెట్టి వచ్చి నా పక్కన కూర్చుంది. ఇప్పుడు గడ్డిలోంచి పళ్లు అదే తీస్తోంది. నాకంటే గట్టిగా అరుస్తోంది. ఇవాళ ఒకాయన స్పూను అడిగితే వెళ్లి కాఫీ షాపులో అడుక్కోమంది.

తొట్టి ముక్క గుమ్మం దగ్గర నుంచి తెచ్చి పట్టా కింద పెట్టుకున్నాను. ఒక్క బిందె పట్టేంత గుంట ఉంది అందులో. పిల్లల వరకు దాంట్లో నీళ్లు పోస్తున్నాను. పెద్దవాళ్లు షాపుకే వెళ్తున్నారు. వెళ్లనీ. అద్దం తుడవడానికి మీ కంపెనీ మనిషిని పెట్టుకుంటుంది.

నిన్ను ఇంటికి రావద్దని నేను అనను. అమ్మ కడుపున పుట్టినవాడివి, వస్తే అన్నం పెడతాను. పెట్టినంతసేపూ తిడతాను. అది ఓర్చుకోగలిగితే రా.

అమృతమ్మ

తా.క. నిన్న ఆదివారం గేటు బయట పడ్డ టెంకలు నేనూ వినీలా కూర్చుని ఐదైదు చొప్పున రెండుసార్లు లెక్కపెట్టాం. ఎన్నో నీకు చెప్పను.